మాంటెరే చన్నీళ్ళలో స్కూబా డైవింగ్: ఏర్పాట్లు, నా అనుభవం

వెచ్చని సముద్రాల్లో డైవ్‌కి రెండు లెక్కలు సరిపోతాయి: సిలిండర్‌లో గాలి ఎంత ఉంది, పైకి వచ్చేటప్పుడు డీకంప్రెషన్ కోసం (ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోయేందుకు) ఆగే అవసరం లేకుండా ఆ లోతులో ఎన్ని నిమిషాలు ఉండొచ్చు. కాలిఫోర్నియా తీరంలోని మాంటెరేలో ఒంట్లో వేడి అనే మూడో లెక్క కూడా వచ్చి చేరుతుంది. అక్కడ సముద్రం ఏడాది పొడుగునా దాదాపు 10 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉంటుంది. నీరు గాలి కన్నా సుమారు 25 రెట్లు ఎక్కువగా మన ఒంట్లో వేడిని లాగేస్తుంది. రోజుకు రెండు డైవ్‌లు అనుకుంటే మొదటిది ఎవరైనా చేసేస్తారు. రెండోదానికి వేళ్ళు వంగుతాయా, మాస్క్ పట్టీ సర్దుకోగలమా, మునగడానికి కట్టుకున్న సీసం బరువుల సంచిని లాగి పడేయగలమా అన్నదే అసలు ప్రశ్న. అందుకే మాంటెరే ప్రయాణాన్ని నేను రెండో డైవ్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క వేసుకుంటూ వస్తాను. ఏ నెలలో వెళ్ళాలి, ఏ సూట్ వేసుకోవాలి, ఎక్కడ దిగాలి, తిరుగు విమానం ఎప్పుడు అన్నవన్నీ అందులోంచే తేలతాయి.

ముందు నెల సంగతి. వసంతంలో, ముఖ్యంగా ఏప్రిల్ నుంచి జూన్ దాకా, వాయవ్యపు గాలులు తీరం వెంట బలంగా వీస్తాయి. అవి పైనున్న నీటిని తీరం నుంచి దూరంగా నెట్టేస్తే, ఆ ఖాళీలోకి లోతుల్లోని చల్లటి నీరు పైకి వస్తుంది. దాంతోపాటే పోషకాలూ వస్తాయి, వాటిని తిని ప్లాంక్టన్ విరగబడి పెరుగుతుంది. డైవర్‌కి దీని ఫలితం రెండు రకాల ఇబ్బంది: నీళ్ళు ఏడాదిలోకెల్లా చల్లగా 10 డిగ్రీల దగ్గర ఉంటాయి, చూపు చాలా రోజులు రెండు నుంచి ఐదు మీటర్లు దాటదు. సెప్టెంబరు వచ్చేసరికి గాలులు తగ్గుతాయి. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు మొదటి వారాల్లో నీళ్ళు 13 నుంచి 15 డిగ్రీలకు చేరతాయి, చూపు 10 మీటర్లు దాటే రోజులు తరచుగా వస్తాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు తుఫానుకూ తుఫానుకూ మధ్య నీళ్ళు అద్దంలా ఉండే రోజులూ లేకపోలేదు కానీ, పెద్ద అలల వల్ల ఒడ్డు నుంచి దిగే చోట్లు వరసగా మూతపడతాయి. పక్కనే ఉండేవాళ్ళకి అది ఫరవాలేదు, టికెట్ కొనుక్కుని దూరం నుంచి వచ్చేవాళ్ళకి నప్పదు. జూలై, ఆగస్టు నెలలు చూసి వేసవి కదా అని మోసపోవద్దు. పొద్దున పొగమంచు, మధ్యాహ్నం గాలి, బయట ఉష్ణోగ్రత 15 నుంచి 18 డిగ్రీలు. తడి సూట్‌తో ఆ గాలిలో నిలబడితే నీళ్ళలో పోయినదానికి తోడు ఒడ్డున కూడా వేడి పోతుంది.

మొదటిసారి వెళ్ళేవారికి నేను అక్టోబరే చెబుతాను. కెల్ప్ అనే పొడవాటి సముద్రపు నాచు అడవి కూడా అప్పటికి బాగా ఎదిగి ఉంటుంది. అయితే కెల్ప్ గురించి పాత రాతలు చదివి ఆశ పెంచుకునే ముందు ఒక్క విషయం తెలుసుకోవాలి. 2013లో మొదలైన తెగులు పొద్దుతిరుగుడు నక్షత్రచేపల్ని దాదాపు తుడిచిపెట్టేసింది. 2014 నుంచి 2016 వరకు పసిఫిక్ నీళ్ళు అసాధారణంగా వేడెక్కాయి. తమను తినే నక్షత్రచేపలు లేక ఊదా రంగు సీ అర్చిన్లు (ముళ్ళ బంతుల్లాంటి జీవులు) పెరిగిపోయి కెల్ప్‌ని నేలమట్టం చేశాయి. కొన్ని చోట్ల ఇప్పటికీ ఒట్టి రాయీ అర్చిన్లే కనిపిస్తాయి, ఇంకొన్ని చోట్ల అడవి నిలబడి ఉంది. ఈ ఏడాది కెల్ప్ ఎక్కడ బాగుందో అక్కడి డైవ్ షాపులో అడిగాకే దిగే చోటు ఖాయం చేసుకోవాలి.

సూట్ దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే డబ్బు, బరువు, భద్రత మూడూ దానితో ముడిపడి ఉన్నాయి. ఒడ్డున చూస్తే 7 మిల్లీమీటర్ల వెట్‌సూట్ మందంగా, భరోసాగా అనిపిస్తుంది. దాని రబ్బరు, అంటే నియోప్రీన్‌లో వెచ్చదనం ఇచ్చేది మాత్రం అందులోని గాలి బుడగలు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపవుతుంది, బుడగలు దాదాపు సగానికి నలుగుతాయి. 20 మీటర్లలో ఇంకా నలుగుతాయి. అంటే నీళ్ళు చల్లగా ఉన్నచోటే సూట్ పలచబడుతుంది. నీళ్ళు లోపలికి రాని డ్రైసూట్‌లో ఈ బాధ లేదు. లోపలి బట్టల్లో ఉన్న గాలి దిగేకొద్దీ నలిగినా, మనం వాల్వ్ నొక్కి మళ్ళీ నింపుకుంటాం, మందం అలాగే నిలుస్తుంది. రోజుకు ఒక్క డైవ్, 15 మీటర్ల లోపు అయితే ఒంటికి బిగుతుగా పట్టిన 7 మిల్లీమీటర్ల సూట్ చాలు. రెండేసి డైవ్‌ల చొప్పున నాలుగు రోజులు అయితే డ్రైసూట్ కావాలి. అంతకన్నా మెలిక లేదు.

అద్దె వెట్‌సూట్ తీసుకుంటే షాపులోనే పూర్తిగా వేసుకుని చూడాలి. నడుం వెనక గుంటలో, చంకల్లో, మెడ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. అక్కడ ఖాళీ ఉంటే కాళ్ళు ఆడించిన ప్రతిసారీ చల్లటి నీరు లోపలికి వచ్చి వెచ్చబడిన నీటిని బయటికి తోసేస్తుంది, మందం ఎంతున్నా ఉపయోగం ఉండదు. హుడ్ కింది అంచు సూట్ లోపలికి దోపుకునేంత పొడవుండాలి. హుడ్ మెడ దగ్గర మరీ బిగుతైతే మెడ రక్తనాళాల మీద ఒత్తిడి పడి కళ్ళు తిరుగుతాయి. షాపులో రెండు నిమిషాలు వేసుకుని తల అటూ ఇటూ తిప్పితే ఆ సంగతి తెలిసిపోతుంది. చేతి తొడుగులు 5 మిల్లీమీటర్లవి తీసుకుని, వాటితోనే గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ మీటలు, బరువుల సంచి పిడి, క్లిప్పులు, కత్తి ఒరను ఒడ్డున సాధన చేయాలి. వట్టి వేళ్ళతో అలవాటైన పనులన్నీ తొడుగులతో కొత్తగా నేర్చుకోవాల్సి వస్తుంది.

డ్రైసూట్ అయితే ప్రయాణానికి ముందే దానికి సంబంధించిన కోర్సు చేసి, కొలనులో ఒకసారి, బయట నీళ్ళలో కొన్నిసార్లు వాడి ఉండాలి. మాంటెరేలో మొదటి రోజే తొలిసారి వేసుకోవాలనుకోవడం తప్పుడు ప్లాన్. గాలి పాదాల్లోకి చేరితే కాళ్ళు పైకి లేచి తలకిందులుగా తేలిపోతారు. అప్పుడు మోకాళ్ళు ముడిచి ముందుకు పల్టీ కొట్టి, నిటారయ్యాక ఎడమ భుజం వాల్వ్ నుంచి గాలి వదలాలి. ఇది ఆలోచించి చేసే పని కాదు, ఒంటికి అలవాటై ఉండాలి. లోపల వేసుకునేవి నూలు బట్టలు కాకూడదు. నూలు చెమటను పట్టుకుని తడిగా ఉండిపోతుంది. ఒంటిని ఆనుకుని పాలియెస్టర్ లేదా మెరీనో ఉన్ని, దాని మీద మందపాటి అండర్‌సూట్ వేసుకోవాలి. మణికట్టు సీళ్ళు లేటెక్స్‌వైతే గోళ్ళు కత్తిరించుకుని, ఉంగరాలు తీసేసి, వాసన కలపని టాల్కమ్ పొడి రాసి తొడగాలి. సూట్ లోపలికి నీళ్ళు వస్తే ముందు అనుమానించాల్సింది జిప్పు చివరి రెండు సెంటీమీటర్లు. భుజం మీద మూసిన జిప్పును మీ తోడు డైవర్ వేలితో తడిమి చివరిదాకా మూసుకుందో లేదో చూడాలి. వెంట్రుకలు మెడ సీల్ కింద ఇరుక్కున్నా సన్నగా కారుతూనే ఉంటుంది.

చాలామంది ముందుగా ఊహించని ఇబ్బంది ఫిన్స్‌తో, అంటే ఈదడానికి కాళ్ళకు తొడిగే తెడ్లతో, వస్తుంది. వెచ్చని నీళ్ళలో వాడే, మడమ మూసి ఉండే ఫిన్స్ మందపాటి బూట్లతో అసలు ఎక్కవు. మడమ తెరిచి పట్టీ ఉన్నవి కూడా డ్రైసూట్ బూటుకు సరిపోవాలని లేదు. సూట్ అద్దెకు తీసుకునే చోటే ఫిన్స్ కూడా తీసుకోవడం మేలు. ఇంటి దగ్గర నుంచి మాస్క్, డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం లెక్కపెట్టేది), రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించేది) పట్టుకెళ్తే చాలు.

రెగ్యులేటర్ విషయంలో రెండు చూసుకోవాలి. అమెరికాలో అద్దె సిలిండర్లు ఎక్కువగా యోక్ బిగింపుకు తగినవే. మీది డిన్ (మర తిప్పి బిగించే రకం) అయితే అడాప్టర్ వెంట ఉండాలి. రెండోది చలి. రెగ్యులేటర్‌లో సిలిండర్‌కి బిగించే భాగమైన మొదటి దశలో గాలి ఒత్తిడి ఒక్కసారిగా తగ్గినప్పుడు అది విపరీతంగా చల్లబడుతుంది. చుట్టూ ఉన్న నీళ్ళూ చల్లగా ఉంటే లోపలి భాగాలు మంచు పట్టి తెరుచుకునే ఉండిపోతాయి, గాలి ఆగకుండా వచ్చేస్తుంది. దీన్నే ఫ్రీ ఫ్లో అంటారు. యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 250 లెక్కలో 10 డిగ్రీల కన్నా చల్లగా ఉంటేనే చన్నీళ్ళు. మాంటెరే ఆ గీతకు కాస్త పైనే ఉంటుంది, వసంతంలో లోతున గీత దాకా వస్తుంది. నీళ్ళు లోపలికి చేరకుండా సీల్ చేసిన మొదటి దశ ఉంటే మంచిది, లేకపోయినా ఈమధ్యే సర్వీసు చేయించినదై ఉండాలి. అలవాట్లు కూడా సాయపడతాయి: ఒడ్డున చలిగాలిలో రెగ్యులేటర్‌ని ఊరికే నొక్కి చూడకూడదు, ఊపిరి తీసుకుంటూనే బీసీడీనీ (గాలి నింపి తేలడానికి వాడే జాకెట్) డ్రైసూట్‌నీ ఒకేసారి నింపకూడదు, నింపేటప్పుడు పొట్టి పొట్టి విడతలుగా నొక్కాలి. ఫ్రీ ఫ్లో మొదలైతే మౌత్‌పీస్‌ని పెదాల మధ్య వదులుగా పెట్టుకుని కావలసినంత గాలే పీల్చుకుంటూ, తోడు డైవర్‌కి సైగ చేసి పైకి బయల్దేరాలి. నిండు సిలిండర్ కూడా కొద్ది నిమిషాల్లో ఖాళీ అవుతుంది కాబట్టి సరిచేయడానికి కిందే ఆగిపోవద్దు.

సీసం బరువులు ఎంత కావాలన్నది అందరూ అడిగే ప్రశ్న. ఒంటి బరువులో పదో వంతు, దాని మీద రెండు మూడు కిలోలు అన్నది 7 మిల్లీమీటర్ల సూట్‌కి మొదలుపెట్టే అంకె మాత్రమే. 70 కిలోల మనిషికి 9 నుంచి 10 కిలోలు అవుతుంది, మందపాటి అండర్‌సూట్‌తో డ్రైసూట్ అయితే ఇంకా ఎక్కువ. అక్కడి షాపుల్లో బరువులు పౌండ్లలో ఉంటాయి: 10 కిలోలంటే 22 పౌండ్లు. మొదటి డైవ్‌కి ముందు ఛాతీ దాటిన లోతులో బీసీడీ పూర్తిగా ఖాళీ చేసి, మామూలుగా పీల్చిన ఊపిరి బిగబట్టి నిలబడాలి. నీటిమట్టం కళ్ళ దగ్గరుంటే, ఊపిరి వదిలినప్పుడు మునిగితే సరైన బరువు. సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు ఈ పరీక్ష చేస్తే ఇంకో రెండు నుంచి రెండున్నర కిలోలు కలపాలి. కారణం ఉంది: అల్యూమినియం 80 సిలిండర్‌లోని గాలికే సుమారు రెండున్నర కిలోల బరువుంటుంది. నిండుగా ఉన్నప్పుడు కొద్దిగా మునిగే ఆ సిలిండర్ ఖాళీ అయ్యేసరికి దాదాపు రెండు కిలోల మేర తేలుతుంది. అదే సమయానికి, పైకి వచ్చేకొద్దీ, సూట్‌లో నలిగిన బుడగలు మళ్ళీ ఉబ్బుతాయి. 5 మీటర్ల దగ్గర సేఫ్టీ స్టాప్‌లో (పైకి వచ్చే ముందు జాగ్రత్తకు ఆగే చోట) ఆగలేక పైకి తేలిపోవడం మాంటెరేలో తరచూ కనిపించే ఇబ్బంది, దాని మూలం ఇక్కడే ఉంది. మొదటి డైవ్ చివర సిలిండర్‌లో 500 పీఎస్ఐ ఒత్తిడి మిగిలి ఉండగా 5 మీటర్ల దగ్గర బీసీడీ ఖాళీ చేసి నిలబడగలిగారా చూసుకుని, ఆ అంకెను సూట్ పేరుతో సహా లాగ్‌బుక్‌లో రాసుకోవాలి. స్టీల్ సిలిండర్ దొరికితే నడుం మీద రెండు మూడు కిలోల సీసం తగ్గించుకోవచ్చు. అయితే అత్యవసరంలో జారవిడిచే బరువు మాత్రం తప్పకుండా మిగలాలి.

గాలి లెక్క. చలికి ఊపిరి వేగం పెరుగుతుంది, ఇంత సామాను తగిలించుకుని కదలడానికి శ్రమ కూడా ఎక్కువే. వెచ్చని నీళ్ళలో నిమిషానికి 15 లీటర్లు సరిపోయే మనిషికి ఇక్కడ 20 లీటర్లు వేసుకోవాలి. 15 మీటర్ల లోతులో ఒత్తిడి 2.5 బార్ కాబట్టి నిమిషానికి 50 లీటర్లు. 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఉంటే, 50 బార్ పక్కన పెట్టాక వాడుకోవడానికి సుమారు 1,650 లీటర్లు మిగులుతాయి. అంటే 33 నిమిషాలు. అదే 15 లీటర్ల లెక్కతో 44 నిమిషాలు వస్తుంది. వెట్‌సూట్‌లో 30 నిమిషాలు దాటేసరికి చాలామందికి వేళ్ళు మొద్దుబారడం మొదలవుతుంది కాబట్టి గాలి, చలి రెండూ ఇంచుమించు ఒకేచోట గీత గీస్తాయి. నీళ్ళలో నేను వాడే పరీక్ష తేలిక: బొటనవేలు చిటికెనవేలిని తాకగలగాలి. తాకలేకపోతే గేజ్‌లో ఎంత ఉన్నా డైవ్ అయిపోయినట్టే, ఎందుకంటే ఆ చేత్తో బకిల్ విప్పలేం. వణుకు మొదలైనా అంతే. రెండు చేతులు మడిచి భుజాలు రుద్దుకోవడం చలేస్తోందనే సైగ. దిగే ముందే తోడు డైవర్‌తో ఒప్పందం చేసుకోవాలి: ఈ సైగ చేస్తే బేరాల్లేవు, తిరిగి వెళ్ళడమే.

ఇక దిగే చోట్లు. మొదటి రోజుకు సాన్ కార్లోస్ బీచ్ తప్ప ఇంకో ఆలోచన అక్కర్లేదు. అందరూ దాన్ని బ్రేక్‌వాటర్ అంటారు. రాళ్ళతో కట్టిన పొడవాటి అడ్డుకట్ట పక్కనే ఉండడంతో వాయవ్యపు అలలు నేరుగా తగలవు. ఇసుక మీద నుంచి దిగొచ్చు, దగ్గర్లోనే పార్కింగ్, టాయిలెట్లు, కడుక్కోవడానికి షవర్లు ఉన్నాయి. గోడ వెంట వెళ్తే దారి తప్పే భయం లేదు. చివర్లో సముద్ర సింహాల గుంపు అరుపులు నీళ్ళలో కూడా వినిపిస్తాయి. బీచ్ నుంచి అడుగున ఒక పాత పైపు సముద్రంలోకి సాగుతుంది. దాన్ని పట్టుకుని వెళ్ళి, అది అయిపోయాక ఇంకొంచెం ముందుకు, 50 అడుగుల చుట్టుపక్కల లోతుకు వెళ్తే మెట్రిడియమ్ ఫీల్డ్స్ వస్తుంది. రాళ్ళ నిండా తెల్లటి, మోకాలెత్తు సీ అనిమోన్లు, పువ్వుల్లాంటి సముద్ర జీవులు. చూపు తక్కువున్న రోజు పైపు నుంచి వాటి దాకా దిక్సూచి లేకుండా వెళ్ళడం కష్టం, తిరిగొచ్చేటప్పుడు ఇంకా కష్టం. వెళ్ళిన దిశ, పట్టిన నిమిషాలు స్లేట్ మీద రాసుకోవాలి. వారాంతాల్లో శిక్షణ తరగతులన్నీ ఇక్కడే జరుగుతాయి. ఏడింటికల్లా చేరితే పార్కింగూ దొరుకుతుంది, ఇసుక లేవకముందే నీళ్ళూ దొరుకుతాయి.

రెండో రోజుకు పాయింట్ లోబోస్. కార్మెల్‌కి దక్షిణాన ఉన్న ఈ రక్షిత ప్రాంతంలో డైవింగ్ వేలర్స్ కోవ్, బ్లూఫిష్ కోవ్‌లలోనే. రోజుకు కొన్ని జట్లనే అనుమతిస్తారు, ఇద్దరు లేదా ముగ్గురి జట్టుగా ముందే బుక్ చేసుకోవాలి, గేటు దగ్గర సర్టిఫికేషన్ కార్డు చూపించాలి. గవ్వ కూడా తీసుకోకూడదు. నా దృష్టిలో ఆ తీరంలో ఒడ్డు నుంచి వెళ్ళగలిగిన వాటిలో ఇదే అన్నిటికన్నా గొప్ప చోటు, బుకింగ్ దొరికిన తేదీని బట్టి మిగతా ప్రయాణాన్ని సర్దుకున్నా తప్పులేదు. వేలర్స్ కోవ్‌లో దిగే కాంక్రీటు ర్యాంప్ మీద, ముఖ్యంగా నీళ్ళు తగ్గినప్పుడు బయటపడే కింది భాగం మీద, నాచు విపరీతంగా జారుతుంది. పోటు సమయం చూసుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని అడుగులు ఈడుస్తూ దిగాలి.

మొనాస్టరీ బీచ్ పేరు కూడా వింటారు. సముద్రం అడుగున ఉన్న కార్మెల్ లోయ తల ఒడ్డుకు అతి దగ్గరగా వస్తుంది కాబట్టి అక్కడి నీటి అడుగు నిజంగా అద్భుతం. కానీ ఒడ్డు నిట్టనిలువు వాలు, గులకల్లాంటి ముతక ఇసుక కాలి కింద జారిపోతుంది, అల సరిగ్గా కాళ్ళ దగ్గరే విరిగి వెనక్కి లాగుతుంది. అక్కడ డైవర్ల ప్రాణాలు పోయాయి. మొదటి ప్రయాణంలో దాన్ని జాబితాలోంచి కొట్టేయండి.

చోటు ఎంపిక రోజూ ముందు రాత్రి అలల సూచన చూసి ఖాయం చేసుకోవాలి. అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా వారి 46042 నంబరు బోయా (అలల్ని కొలిచే తేలే పరికరం) మాంటెరే అఖాతం బయట ఉంటుంది, అది చెప్పే ఎత్తునూ, అలకూ అలకూ మధ్య సెకన్లనూ రెండింటినీ చూడాలి. ఎత్తు ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. ఆరు అడుగులు, 8 సెకన్లు అంటే పైన చికాకు, కింద ఫరవాలేదు. అదే ఆరు అడుగులు, 16 సెకన్లు అంటే అడుగు దాకా నీళ్ళు ఊగుతాయి, ఇసుక లేస్తుంది, ఒడ్డు దగ్గర అల ఎత్తుగా విరుగుతుంది. నా కొలత ఇలా ఉంటుంది: ఆరు అడుగుల పైన, 12 సెకన్ల పైన ఉంటే బ్రేక్‌వాటర్ మాత్రమే. పది అడుగుల దగ్గరికి వస్తే ఆ రోజు నీళ్ళ జోలికి పోవద్దు. ఇలాంటి రోజు వస్తుందనుకునే ప్లాన్‌లో ఒక ఖాళీ రోజు ఉంచాలి. పడవ డైవ్ ఉంటే దాన్ని మొదటి రెండు రోజుల్లో పెట్టుకుంటే, అలల వల్ల రద్దయినా వెనక్కి జరపడానికి చోటుంటుంది. అన్ని డైవ్‌లూ పొద్దున్నే. మధ్యాహ్నానికి వాయవ్యపు గాలి లేస్తుంది.

కెల్ప్ గురించి భయం వద్దు, తొందర కూడా వద్దు. గేజ్ గొట్టాలు, రెండో రెగ్యులేటర్ ఒంటికి దగ్గరగా క్లిప్ చేసుకోవాలి, ఫిన్ పట్టీల చివర్లు లోపలి వైపుకు తిప్పుకోవాలి. పిక్కకు కత్తి కట్టుకుంటే అదే మొదట చిక్కుకుంటుంది. చిక్కుకుంటే గిరగిరా తిరగకుండా ఆగి, తీగను లాగకుండా మడిచి పుటుక్కున విరవాలి. కెల్ప్ లాగితే సాగుతుంది, మడిస్తే విరుగుతుంది. అందని చోట ఉంటే తోడు డైవర్ తీస్తాడు. పైకి వచ్చేటప్పుడు తల ఎత్తి ఆకాశం కనిపించే ఖాళీ చూసుకుని రావాలి. పైన ఆకుల పరుపు దట్టంగా ఉంటే ఒడ్డుకు దాని కింద నుంచే రావడం హాయి, అందుకే 1,000 పీఎస్ఐ ఉండగానే వెనుదిరగాలి. గాలి అయిపోతే పరుపు మీద పొట్టతో పాకుతూ రావాలి. సాధ్యమే కానీ, ఆ శ్రమ రెండో డైవ్‌కి కావలసిన ఓపికను తినేస్తుంది.

రెండు డైవ్‌ల మధ్య సమయాన్ని విశ్రాంతి అనుకోకుండా వేడి తిరిగి కూడబెట్టుకునే పనిగా చూడాలి. బయటికి రాగానే తడి హుడ్, తొడుగులు తీసి, తల తుడుచుకుని ఉన్ని టోపీ, గాలి చొరబడని కోటు వేసుకోవాలి. గోరువెచ్చని తాగునీరు, ఏదైనా తిండి కడుపులో పడాలి. చలికి శరీరం చేతుల్లోంచి, కాళ్ళలోంచి రక్తాన్ని లోపలికి లాక్కుంటుంది, దాన్ని ఎక్కువ ద్రవంగా భావించి మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. మాటిమాటికీ మూత్రం వస్తుందని నీళ్ళు తాగడం మానేస్తే ఒళ్ళు ఎండిపోతుంది, డీకంప్రెషన్ ప్రమాదం పెరుగుతుంది. ఫ్లాస్కులో వేడినీళ్ళు తెచ్చుకుని చల్లనీళ్ళతో కలిపి, రెండో డైవ్‌కి ముందు తొడుగుల్లో, బూట్లలో పోసుకుంటే మొదటి పది నిమిషాలు కలిసొస్తాయి. 60 నుంచి 90 నిమిషాల తర్వాత కూడా వణుకు తగ్గకపోతే రెండో డైవ్ మానేయాలి.

కంప్యూటర్‌కి నీటి ఉష్ణోగ్రత తెలుస్తుంది, మన ఒంటి ఉష్ణోగ్రత తెలియదు. అమెరికా నౌకాదళం ప్రయోగాల్లో తేలినదేమిటంటే, అడుగున వెచ్చగా ఉండి పైకి వచ్చేటప్పుడు చల్లబడడం అన్నిటికన్నా చెడ్డ కలయిక. వెచ్చగా ఉన్నప్పుడు రక్తం బాగా ఆడి నైట్రోజన్ ఎక్కువ ఎక్కుతుంది, చల్లబడ్డాక అది బయటికి రావడం మందగిస్తుంది. చన్నీళ్ళ డైవ్‌లు చాలా వరకు ఇలాగే సాగుతాయి. కంప్యూటర్‌ని ఒక మెట్టు జాగ్రత్త వైపుకు పెట్టుకుని, లోతైన డైవ్ ముందు, తక్కువ లోతుది తర్వాత చేయాలి. పైకి వచ్చిన వెంటనే మరిగే వేడి స్నానానికి పరుగెత్తకుండా కాసేపు బట్టలతోనే వెచ్చబడాలి. అద్దె కంప్యూటర్లు, గేజ్‌లు అడుగులు, పీఎస్ఐల్లో ఉంటాయి. మీటర్లకు అలవాటుపడ్డ తోడుతో వెళ్తే ఇద్దరూ ఒకే కొలత వాడేలా మార్చుకోండి.

కాగితాల పని చిన్నదే కానీ తీరా అక్కడికి వెళ్ళాక ఆపేసేది అదే. షాపుల్లో, పడవల్లో ఆరోగ్య ప్రశ్నావళి నింపమంటారు. ఆస్తమా, గుండె జబ్బు, రక్తపోటు మందుల్లాంటి వాటికి అవునని రాస్తే డాక్టర్ సంతకం అడుగుతారు, అది ఇంటి దగ్గరే చేయించుకుని పెట్టుకోవాలి. మామూలు ప్రయాణ బీమాల్లో చాలా వాటికి స్కూబా వర్తించదు, ప్రత్యేకంగా డైవింగ్ బీమా తీసుకోవాలి. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అత్యవసర నంబరు 1-919-684-9111 ఫోన్‌లో, లాగ్‌బుక్‌లో రెండు చోట్లా రాసుకోండి. అయితే ప్రమాదం జరిగితే ముందు 911, తర్వాతే ఇది.

సామాను సర్దేటప్పుడు టార్చి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, టార్చి నుంచి విడదీసి. రెగ్యులేటర్, కంప్యూటర్ కూడా అందులోనే. సిలిండర్లు, సీసం మోసుకెళ్ళే పని లేదు. దిగిన రోజు డైవ్ పెట్టుకోకుండా మాంటెరే బే అక్వేరియం చూడడం మంచిది. 1984లో తెరిచిన ఈ అక్వేరియంలో 28 అడుగుల ఎత్తున కెల్ప్ అడవి తొట్టి ఉంది. కెల్ప్ నేలకు ఎలా పట్టుకుంటుంది, ఆకుల మధ్య దారులు ఎలా ఉంటాయి, లింగ్‌కాడ్ చేపకీ కాబెజాన్ చేపకీ తేడా ఏమిటి అన్నవి పొడి బట్టల్లో నిలబడి నేర్చుకుంటే, నీళ్ళలో ఉన్న ఆ ముప్పై నిమిషాలు వెతుకులాటకు పోవు.

తిరుగు విమానానికి కనీసం 18 గంటల ముందు చివరి డైవ్ ముగియాలి. రోజుకు రెండు చొప్పున చేశాం కాబట్టి నేను 24 గంటలు వదులుతాను. ఆ రోజు ఎలాగూ సామాను ఆరడానికి కావాలి: తడిసిన 7 మిల్లీమీటర్ల సూట్ బరువు విమానం పరిమితిని సులభంగా దాటించేస్తుంది. మంచినీళ్ళతో కడిగేటప్పుడు రెగ్యులేటర్ మొదటి దశకు మూత బిగించి ఉందో లేదో చూసుకుని, నీళ్ళలో ఉండగా నోట్లో పెట్టుకునే రెండో దశ బటన్ నొక్కకుండా నానబెట్టాలి. డ్రైసూట్ సీళ్ళు సబ్బునీళ్ళతో తుడిచి నీడలో ఆరబెట్టాలి. ఇత్తడి జిప్పుకి మైనం రాసి, ఎక్కడా మడత పడకుండా సూట్‌ని వదులుగా చుట్టి పెట్టాలి.